యర్గాంగ్ ఇంటి తోడు

రబ్తెన్ చనిపోయిన పొద్దున అతని తల్లి యుడొన్ యర్గాంగ్ ఇంటి మిద్దె మీద తోడు బిళ్ళలు ఎండబెడుతోంది.

ఏటా బార్లీ చేను మోకాలి ఎత్తుకు వచ్చే రోజుల్లో ఆ పని పెట్టుకుంటుంది. పిండిలో కొండపూల పొడి కలిపి, నిరుటి బిళ్ళలు దంచి చల్లి, తడిపి, అరచేతుల మధ్య నొక్కి, గడ్డి మీద వరసగా పరుస్తుంది. రెండో రోజుకు వాటి మీద తెల్లగా నూగు లేస్తుంది. ఆ బిళ్ళ పొడి పడందే ఉడికిన బార్లీ పులియదు, జాడీలో కల్లు దిగదు. ఆ తోడు ఆమెకు అత్తగారిచ్చింది. అత్తగారికి ఆవిడ అత్తగారిచ్చింది. ఆ ఏడు పిండి బాగా కుదిరిందన్న సంబరంలో పాత బిళ్ళ ఒక్కటి కూడా వెనకేసుకోకుండా అన్నీ దంచి కలిపేసింది.

కాలువ దగ్గర అరుపులు వినిపించి తలెత్తి చూసింది. నీళ్ళ వంతు ఆ పూట తమది. గట్టు తెగ్గొట్టి ఉంది. గట్టుకు ఇటువైపు రబ్తెన్, అటువైపు చుదొ ఇంటి దర్గే, ఇద్దరి చేతుల్లోనూ పారలే. అంత దూరం నుంచి మాటలు తెలియలేదు. దర్గే పార పైకి లేవడం, పక్కకు వాలడం కనిపించింది. రబ్తెన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగడానికి వంగినట్టు కాలువలోకి వంగాడు. మళ్ళీ లేవలేదు.

శవం ఇంటికి రాకముందే యర్గాంగ్ మగవాళ్ళు గొడ్డళ్ళతో కిందికి పోయారు. చుదొ వాళ్ళు ఎదురు తిరిగి తరుముకుంటూ పైకి వచ్చారు. ఆ ఊళ్ళో మిద్దెలు ఒకదాన్నొకటి ఆనుకుని మెట్ల వరసలా ఉంటాయి. ఒక మిద్దె ఎక్కినవాడు ఊరంతా ఎక్కినట్టే. కొట్లాట యుడొన్ మిద్దె మీదికే వచ్చింది. ఆమె మరిది ఫుర్బా ఎడమ కంటికి రాయి తగిలి, కన్ను చెంప మీదికి జారింది. అతను ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చేత్తో ఎవడి గొంతో నులిమాడు. ఇద్దరూ గడ్డి మీద పడి పొర్లారు. సాయంత్రం వాన కురిసింది.

కొడుకును కడిగిన నీళ్ళు పారబోయడానికి మిద్దె ఎక్కినప్పుడు చూసింది. బిళ్ళలు లేవు. గడ్డి, బురద, నెత్తురు కలిసిన పేడముద్దలాంటిది ఒకటి ఉంది. నేలబీటల్లో కొంచెం పొడి మిగిలితే గోటితో గీకి గుడ్డలో మూటగట్టి, నడుం దగ్గర దోపుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తోడు చచ్చిన ఇంటిని ఆ లోయలో ఆరిన పొయ్యి అంటారు. ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి వాడితో పొలం గట్టు మీద కూడా కూర్చోరు. ఇంకో కొడుకు నమ్సెకు ఇంకా పెళ్ళి కాలేదు.

నెత్తుటి మైల ఉన్న ఇంట్లో కల్లు పెట్టరు. కాబట్టి ఎండాకాలమంతా ఎవరూ ఆమెను తోడు సంగతి అడగలేదు.

ఆ ఎండాకాలం రెండు ఇళ్ళకూ పంట చేతికి రావడం కష్టమైంది. చుదొ వాళ్ళ జడలబర్రె ఒకటి వెనక కాళ్ళ నరాలు తెగి లోయలో అరిచి అరిచి చచ్చింది. యర్గాంగ్ పాలేరును పట్టుకుని మోకాలి చిప్పలు రాతితో చితక్కొట్టి, వాళ్ళ గుమ్మం ముందే దొర్లించి పోయారు. ఆడవాళ్ళు కోతకు వెళితే మగవాళ్ళు రాతి బురుజు మీద తుపాకులతో కాపలా కూర్చునేవాళ్ళు. ఫుర్బా ఎవరు పలకరించినా ఒకటే మాట: “ఒక కంటికి సగం లోకమే కనపడుతోంది. ఆ సగంలోనూ ఆ వెధవలే తిరుగుతున్నారు.”

అన్న చస్తే తమ్ముడు బాకీ తీర్చాలన్నది అక్కడ ఎవరూ నోటితో చెప్పనక్కర్లేని సంగతి. నమ్సె గొడ్డలి తల దగ్గర పెట్టుకుని పడుకునేవాడు. తల్లి అన్నం పెడితే తినేవాడు, తింటూ అంచు నూరుకునేవాడు.

యుడొన్‌కు దర్గే బతికి ఉన్నాడన్న తలపు వస్తే ముద్ద పక్కన పెట్టేసేది. నమ్సె గొడ్డలి భుజాన వేసుకుంటే వాడి వెనకే గుమ్మం దాకా పోయేది. కొన్నాళ్ళు ఈ రెంటి మధ్య ఊగింది. కోతలయ్యేసరికి మనసు ఒక దరికి చేరింది. పోయినవాడు రాడు. ఉన్నవాడి చేతికి నెత్తురు అంటకూడదు, వాడి నెత్తురు నేల మీద పడకూడదు. ఇంకేమీ అక్కర్లేదనుకుంది.

అందుకే చొంపెల్ తాత గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఫుర్బా కుక్కను వదలబోతే ఆమే గొలుసు పట్టుకుంది. తాతకు నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ లోయలో ఎవరి తగువైనా ఆయన దగ్గరికే పోతుంది. “పళ్ళు లేవు కాబట్టే నా మాట వింటారమ్మా, కరవలేనని ధైర్యం,” అని నవ్వి, పొయ్యి దగ్గర కూర్చుని, నవ్వు ఆపి అడిగాడు.

“పోయినవాణ్ణి నేను తేలేను. పోబోయేవాణ్ణి ఆపగలను, నువ్వు జాడీ పెడతానంటే.”

రాజీ జాడీకి కట్టుబాట్లున్నాయి. బార్లీ చంపినవాడి ఇంటిది కావాలి. తోడు చచ్చినవాడి ఇంటిది కావాలి. చచ్చినవాడి పొయ్యి మీద ఇద్దరి తల్లులూ కలిసి వండాలి. మట్టితో మూతి మూసి, కల్లు ముదిరాక కళ్ళంలో అందరి ముందూ తెరవాలి. వేడినీళ్ళు పోసి, వెదురు గొట్టంతో మొదట చచ్చినవాడి తల్లి పీల్చాలి, అదే గొట్టంతో చంపినవాడు పీల్చాలి. అక్కడితో పగ చెల్లు. కల్లు చెడిపోతే మాత్రం చచ్చినవాడు ఒప్పుకోలేదని అర్థం. రాజీ ఆ క్షణమే, ఆ కళ్ళంలోనే తెగిపోతుంది. అందుకని జాడీ తెరిచే రోజున మగవాళ్ళందరూ కత్తులు లోపల పెట్టుకునే వస్తారు. పూర్వం ఒకసారి కళ్ళంలో నెత్తురు ఎండేదాకా బార్లీ తూర్పారబట్టలేదని చెప్పుకుంటారు.

యుడొన్ సరేనంది. నడుం దగ్గర మూట చేతికి తగిలింది.

దర్గే తల్లి సెర్కి బార్లీ బస్తా వీపున మోసుకుని ఒక్కతే ఎక్కి వచ్చింది. దారి పొడుగునా జనం మిద్దెల మీద నిలబడి చూశారు. ఒకామె ఉమ్మేసింది. ఎవరో విసిరిన రాయి బస్తాకు తగిలి జారింది, రెండోది ఆమె మడమకు తగిలింది. నమ్సె గుమ్మానికి అడ్డంగా గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు, తప్పుకోలేదు. ఆమె బస్తాతో సహా వంగి, గొడ్డలి కింద నుంచి లోపలికి వచ్చింది.

ఒకప్పుడు వీళ్ళిద్దరిదీ పుట్టిల్లు ఒకే ఊరు. యుడొన్ కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆ లోయలో ఏ దారి ఎటు పోతుందో చూపించింది సెర్కి. ఒక ఏడు వరద వచ్చి సెర్కి ఇంట్లో తోడు నాని చచ్చిపోతే, ఆమె అత్తకు తెలియకుండా నాలుగు బిళ్ళలు అంగీ మడతలో దాచుకెళ్ళి ఇచ్చింది యుడొన్. అప్పుడు ఒకరినొకరు అక్కా, చెల్లీ అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఒక మాట లేకుండా పనిలోకి దిగారు.

ఒకామె జాడీని బోర్లించి, లోపల దేవదారు ఆకుల పొగ పట్టించింది. ఒకామె బార్లీ కడిగి ఎసట్లో పోసింది. గింజ నోరు తెరవాలి గానీ పగలకూడదు. అందుకు ఇద్దరూ పొయ్యికి రెండు వైపులా కూర్చుని మంట తగ్గిస్తూ, ఎగదోస్తూ ఉన్నారు. నీళ్ళు వార్చి, ఆవిరి పట్టించి, చాప మీద కుమ్మరించి చెక్క తెడ్లతో పలచగా నెరిపారు. వేడి తగ్గిందో లేదో మణికట్టు వెనక భాగం ఆనించి చూసుకోవాలి. వేడి ఎక్కువగా ఉండగా చల్లితే తోడు మాడి చస్తుంది. మరీ చల్లారాక చల్లితే లేవదు.

యుడొన్ నడుం నుంచి మూట తీసి విప్పింది. సెర్కికి వాసన చాలింది.

“యుడొన్, అది చచ్చిపోయింది.”

“నా ఇంట్లో ఏది చచ్చిందో నాకు తెలుసు.”

సెర్కి అంగీ ఛాతీ మడతలో చెయ్యి పెట్టి చిన్న మూట తీసింది. నీలం అంచున్న గుడ్డ, చుదొ ఇంటి నేత. “నువ్విచ్చిందే. దాని పిల్లే ఇది. ఎవరికీ తెలియనక్కర్లేదు,” అంది.

తెడ్డు యుడొన్ చేతిలోనే ఉంది. దాని మీద పొగలు కక్కే బార్లీ ఉంది. ఆ తెడ్డు సెర్కి చెంప మీద పడింది. చర్మం కంటి కింద నుంచి దవడ దాకా చీలింది, వేడి గింజలు ఆ చీలికలో అంటుకున్నాయి. రెండో దెబ్బ భుజం మీద, మూడోది మెడ వెనక. సెర్కి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూట మళ్ళీ మడతలో దోపుకుంది. నెత్తురు చుక్క చాప మీద పడితే ఆ తడిసిన గింజలు వేళ్ళతో ఏరి పొయ్యిలో వేసింది.

“కొట్టేదుంటే తర్వాత కొడుదువుగాని. గింజ చల్లారిపోతోంది.”

యుడొన్ తెడ్డు కింద పెట్టింది. మిద్దె బీటల్లోంచి గీకిన ఆ పొడినే గింజల మీద చల్లింది. అది చచ్చిందని ఆమెకూ తెలుసు. పక్క మనిషి కళ్ళ ముందు ఒప్పుకోలేకపోయింది. ఇద్దరూ కలిసి గింజలు కలిపి, బుట్టకెత్తి, ఉన్ని దుప్పట్లు చుట్టారు. బయట చొంపెల్ తాత చెంపేమైందని అడిగితే ఆవిరి తగిలిందని చెప్పి సెర్కి కొండ దిగిపోయింది.

మర్నాటికి బుట్ట, జ్వరం వచ్చిన పిల్ల ఒళ్ళులా వెచ్చబడాలి. దుప్పట్ల కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఆ మర్నాడు తడిసిన కుక్క వాసన వచ్చింది. యుడొన్ బుట్ట పక్కనే కూర్చుని, కళ్ళంలో ఆ జాడీ తెరిస్తే ఏమవుతుందో మొదటి నుంచి చివరి దాకా చూసుకుంది. తాత మూతి మీది మట్టి తీస్తాడు, వాసనకు మొహం తిప్పుకుంటాడు. నమ్సె అంగీలోకి చెయ్యి పోతుంది. చుదొ వాళ్ళు యర్గాంగ్ వాళ్ళకంటే ఎక్కువమంది.

నూక పట్టించాలని చెప్పి బస్తా ఎత్తుకుని నీటిమరకు బయల్దేరింది. రాజీ గడువులో ఆడవాళ్ళు మరకు పోవచ్చు. ఆ పూట వంతు చుదొ వాళ్ళదని తెలిసే వెళ్ళింది.

మర లోపల రాయి తిరుగుతోంది. సెర్కి పిండి ఎత్తుతోంది, చెంప మీద నల్లగా పక్కు కట్టింది. యుడొన్ బస్తా దించి నిలబడింది.

“చల్లగా ఉందా?” అంది సెర్కి, పిండి మీద నుంచి కళ్ళెత్తకుండా.

“ఊఁ.”

“వాసన?”

“మొదలైంది.”

“మొండిదానివే గానీ మూర్ఖురాలివి కాదులే, వస్తావనుకున్నా. ఆ రోజు నుంచీ ఇక్కడే మోస్తున్నా.” ఛాతీ మడత చూపించింది. “చేతులు పిండిగా ఉన్నాయి, నువ్వే తీసుకో. ఆ గింజలు మళ్ళీ ఆవిరి పట్టించి, కొత్తగా చల్లు. గుడ్డ కాల్చెయ్.”

యుడొన్ ఒక చేత్తో ఆమె మెడ దగ్గర అంగీ పట్టుకుని, రెండో చెయ్యి మడతలో పెట్టింది. వాకిలి చీకటైంది. దర్గే పిండి బస్తా మోయడానికి కావడి బద్దతో వచ్చాడు. తల్లి చెప్పిన ఆవిరి కథ అతను నమ్మలేదు, చెంప ఎవరు చీల్చారో అతనికి తెలుసు. ఇప్పుడు అదే మనిషి చెయ్యి తల్లి గొంతు దగ్గర కనిపించింది.

మొదటి దెబ్బకు యుడొన్ చెవి తెగి వేలాడింది. రెండో దెబ్బకు తల మర గట్టు రాయికి కొట్టుకుంది. కింద పడ్డాక నడుం మీద, పక్కటెముకల మీద ఇంకా కొట్టాడు. సెర్కి గుప్పెడు పిండి అతని కళ్ళలో కొట్టి, బద్ద పట్టుకున్న చెయ్యి నెత్తురు వచ్చేదాకా కొరికింది.

“ఒరే, నా మీదికి రాలేదురా ఆమె. నీ ప్రాణం నిలబెట్టడానికి వచ్చింది.”

దర్గే తెల్లటి మొహంతో ఊపిరి ఎగబీలుస్తూ నిలబడ్డాడు. ఎంత అర్థమైందో గానీ బద్ద పారేశాడు. వంగి, లేపడానికి చెయ్యి చాచాడు. యుడొన్ ఆ చేతిని చూసింది. పార పట్టుకున్న చెయ్యి అదే. గోడ పట్టుకుని తనే లేచింది. మూట పిడికిట్లోనే ఉంది.

“జారిపడ్డానని చెప్తాను,” అంది సెర్కితో.

మరవాడు మూల నుంచి అంతా చూశాడు. నోరు మూసుకొమ్మని సెర్కి బతిమాలింది, సరేనన్నాడు. మర ఆగినా ఆగుతుంది గానీ మరవాడి నోరు ఆగదని ఆ లోయలో అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి యుడొన్ తలకు గుడ్డ చుట్టి, వంటగది గడియ పెట్టింది. పొయ్యి రాజేసి, చెడబోతున్న గింజలను నీళ్ళతో కడిగి మళ్ళీ ఆవిరికి పెట్టింది. పక్కటెముక విరిగినట్టుంది, ఊపిరి తీస్తే పొడుస్తోంది. చాప మీద కుమ్మరించి తెడ్డుతో నెరిపింది. తల గుడ్డ తడిసి నెత్తురు మెడ మీదికి కారుతోంది, చాప మీద పడకుండా తల పక్కకు వంచుకుని పని చేసింది. నీలం అంచు గుడ్డ విప్పి బిళ్ళలు దంచింది. ఎన్నాళ్ళకో ఆ వాసన తగిలింది. ఎండిన గడ్డి, పుట్టగొడుగు, కొంచెం తేనె. అత్తగారు బతికి ఉన్నప్పటి వంటిల్లు గుర్తొచ్చింది.

తలుపు మీద అరచెయ్యి పడింది.

“అమ్మా, తలుపు తియ్యి.” నమ్సె.

“పని ఉంది.”

“దర్గే కొట్టాడంటగా నిన్ను.”

యుడొన్ చేతులు గింజల్లో ఉన్నాయి. తలుపు తీస్తే, బుట్టలో ఉండాల్సిన రాజీ గింజలు చాప మీద కనిపిస్తాయి. పక్కన చుదొ గుడ్డ కనిపిస్తుంది. లేదని చెబితే తల చూపించమంటాడు. గింజ సరైన వేడికి వచ్చింది, ఇప్పుడు చల్లకపోతే మళ్ళీ మొదలు పెట్టడానికి బిళ్ళలు లేవు. వాణ్ణి ఆ తలుపు దగ్గర నుంచి పంపెయ్యాలి, అంతే అనుకుంది.

“కొట్టాడు. వదిలెయ్.”

నమ్సె తలుపును భుజంతో నెట్టి చూశాడు.

“ఎందుకు కొట్టాడు?”

దానికి ఆమె దగ్గర జవాబుంది. నాలుగు మాటల పని. మన ఇంట్లో తోడు చచ్చింది, అడుక్కోవడానికి వెళ్ళాను. ఆ మాటలు నాలిక మీదికి వచ్చి ఆగాయి.

“వదిలెయ్ అన్నానా.”

నిచ్చెన దిగుతున్న అడుగులు వినిపించాయి. బాబాయి దగ్గరికి పోతున్నాడనుకుంది. మణికట్టు ఆనించి చూసి, పొడి చల్లి, అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు కలిపింది. బుట్టకెత్తింది. దుప్పట్లు చుట్టి గట్టిగా కట్టింది. గుడ్డ పొయ్యిలో వేసింది. అది కాలిపోయేదాకా చూసి, అప్పుడు గడియ తీసింది. చాలా నెలల తర్వాత ఆమెకు గుండె కుదుటపడింది.

అరుపులు అప్పుడు మొదలయ్యాయి.

దర్గే ఇంటి ముందు కట్టెలు కొడుతున్నాడు. నమ్సె రావడం చూసి చేతిలో గొడ్డలి కింద పడేశాడు, ఖాళీ చేతులు చూపించాడు. చూసినవాళ్ళందరూ ఆ మాట ఒక్కలాగే చెప్పారు. “మీ అమ్మనడుగు,” అన్నాడట. “అడిగా,” అన్నాడట నమ్సె. మొదటి వేటు భుజంలో దిగింది, ఎముకలో ఇరుక్కున్న గొడ్డలిని కాలితో తొక్కి పీకాడు. రెండో వేటు మెడ మీద. పడ్డవాడి మొహం మీద మూడో వేటు వేశాడు, దాని అవసరం లేదు. సెర్కి పిండి చేతులతో బయటికి వచ్చి కట్టెల మీద పడింది. కొడుకు తలను రెండు చేతులతో కలిపి పట్టుకుని కూర్చుంది.

యుడొన్ మిద్దె మీద నుంచి, దేవదారు చెట్ల వైపు పరిగెత్తే నమ్సెను చూసింది. చుదొ వాళ్ళ బురుజు మీద నుంచి తుపాకీ పేలింది. తొడ పట్టుకుని పడ్డాడు, లేచాడు, కుంటుతూ చెట్లలో కలిసిపోయాడు. ఆ రాత్రి కొండ కనుమ మీద మంచు పడింది. అతను దాటాక పడింది కాబట్టి వెంట తరిమినవాళ్ళు వెనక్కి తిరిగారు.

వాళ్ళు ఉత్త చేతులతో తిరిగి పోలేదు. యర్గాంగ్ గడ్డివామి తగలబెట్టారు. అడ్డం వచ్చిన ఫుర్బాను గుమ్మానికి కట్టి, మిగిలిన కన్ను కూడా తీసి పోయారు. అతను చలికాలమంతా పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరి అడుగు వినిపించినా ఎవరని అడుగుతూ ఉన్నాడు.

దుప్పట్ల కింద బుట్ట వెచ్చబడింది. యుడొన్ దాన్ని చూడకూడదనే అనుకుంది. కానీ తియ్యటి వాసన ఇల్లంతా పట్టాక, చేతులు వాటంతట అవే గింజలను జాడీకెత్తి, నొక్కి, మూతి మీద బూడిద కలిపిన మట్టి మెత్తాయి. చలికాలం నడిమికి మట్టి బీటలోంచి వచ్చే వాసన చూసి, తన చేత్తో ఇంతకంటే మంచి కల్లు దిగలేదని ఆమెకు తెలిసింది.

చొంపెల్ తాత వచ్చి, రెండు ఇళ్ళలోనూ ఒక్కొక్క ప్రాణం పోయింది, తక్కెడ సమానమైంది, ఇప్పుడు జాడీ తెరిస్తే నమ్సె ఇంటికి రావచ్చు, చుదొ వాళ్ళు వాడి కోసం కాచుకోవడం మానేస్తారు అన్నాడు. ఈసారి హాస్యమాడలేదు. చుదొ మగవాళ్ళు తల్లి మాట ప్రకారం నడుస్తామన్నారని చెప్పాడు. తల్లి ఏమందని యుడొన్ అడిగింది. తానే వచ్చి చెబుతానందట.

సెర్కి పట్టపగలు, ఊరంతా చూస్తుండగా ఎక్కి వచ్చింది. ఈసారి ఎవరూ రాయి విసరలేదు. లోపలికి వచ్చి జాడీ ముందు వంగి వాసన చూసింది. చెంప మీది గీత తెల్లబడింది.

“బాగా వచ్చింది,” అంది.

“నీ తోడు.”

“నీదే.” పొయ్యి పక్కన కూర్చుంది. పుల్ల ఎగదోసి అడిగింది. “మరకు ఎందుకొచ్చావో నమ్సెకు తెలుసా?”

“తెలీదు.”

“వాడు అడగలేదా?”

“అడిగాడు.”

ఫుర్బా ఎవరని అడిగాడు.

“నేను నెత్తురు అడగను, యుడొన్. నువ్వే వెళ్ళి వాడికి చెప్పు. ఇంకెవరి చేతా చెప్పించకు. ఏ మాట మీద నా కొడుకును నరికాడో, ఏ మాట నువ్వు చెప్పలేదో వాడు వినాలి. విన్నాడని తెలిశాక జాడీ తెరుద్దాం. గొట్టం నేనూ పీలుస్తా, వాడూ పీలుస్తాడు. అంతదాకా మావాళ్ళను నేను ఆపను.”

లేచి వెళ్ళిపోయింది. యుడొన్ సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చి, అక్కా అని పిలవబోయి ఊరుకుంది.

కనుమ మీద మంచు కరిగింది. ఉప్పు మోసేవాళ్ళు అటు పోయి ఇటు వచ్చారు. నమ్సె మేనమామ గుడారంలో ఉన్నాడని, కాలు ఈడుస్తూ గొర్రెలు కాస్తున్నాడని, ఇంటికి ఎప్పుడు రావచ్చో అమ్మనడగమన్నాడని చెప్పారు. దారి రెండు రోజుల నడక. పక్కటెముక అతుక్కుంది. యుడొన్ దారికి కావాల్సిన పేలపిండి, చెప్పులు, చేతికర్ర గుమ్మం దగ్గర పెట్టుకుంది. ఇంకా బయల్దేరలేదు.